చెరిపేసిన పిలుపులు

పోయిన వారం కథలో పిచ్చుకను ఆసుపత్రి సామాను గదిలో, జుట్టు నిండా బూజుతో వదిలేసి వచ్చాం. విరిగిన మంచాల వెనక, చక్రం ఊడిన బండికి ఆనుకుని, తను అంతటా వెతుకుతున్న కంప్యూటర్ కనబడింది. మీట నొక్కబోయేలోగా కాపలాదారు "తాళం వేసే వేళైంది, బయటికి నడవమ్మా" అని గదమాయించాడు. పిచ్చుక ఆ రాత్రి నిద్రపోలేదు. ఎలా పోతుంది? ఆ కంప్యూటర్‌లో అక్క గొంతు ఉంది.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ళకి రెండు ముక్కలు. పిచ్చుక ఆ ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేస్తుంది. ఆ పేరు అక్క పెట్టింది, చిన్నప్పుడు కంచంలో మెతుకులు ఏరుకుని తినేదని. అక్క అదే ఆసుపత్రిలో విచారణ కిటికీ దగ్గర కూర్చునేది. మైకులో రోగుల్ని పిలిచేదీ తనే. అక్క పిలిస్తే సూదికి భయపడి మూల నక్కినవాడు కూడా లేచి వెళ్ళేవాడని చెప్పుకునేవారు. అలాంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో ప్రాణం దక్కింది, మాట పోయింది.

ఆపరేషన్‌కి ముందు అక్క, గొంతు రోగులకి మాట నేర్పే మాటల గదిలో కూర్చుని, అక్కడి డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలన్నీ చదివి రికార్డు చేసింది. వాటితో అక్క గొంతుతోనే మాట్లాడే చిన్న యంత్రం చేసిస్తానని గొంతు యంత్రాలాయన మాటిచ్చాడు. ఇంతలో మాటల గది కొత్త భవనానికి మారింది. పాత కంప్యూటర్ ఎటు పోయిందో అడిగితే ఎవరికి వాళ్ళు ఆకాశం వంక చూశారు. ఆ యంత్రాలాయన ఇవాళే ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడు. రికార్డులు ఈలోగా ఆయన చేతికి అందాలి. అందకపోతే అక్కకి ఇక గొంతు లేనట్టే.

"అది ఏ పాత ఇనుపకొట్టుకో పోయుంటుందిలే, ఊరికే తిరక్కు" అని మొదటినుంచీ చెబుతూ వచ్చాడు బావ. అక్క మొగుడు. అదే విభాగంలో తీగల పని ఆయనది. పిచ్చుకకు ఈ ఉద్యోగం నేర్పింది కూడా ఆయనే.

తెల్లారగానే పిచ్చుక పరుగున విభాగంలోకి వచ్చింది.

"దొరికింది సార్!"

విభాగం నడిపే పెద్దసారు టీ కప్పు మీంచి చూశారు. "ఎవరమ్మా, పెళ్ళికొడుకా?"

"కంప్యూటర్ సార్. అక్కది."

పెద్దసారు కప్పు కింద పెట్టారు. నవ్వు కూడా దాంతోపాటే కింద పెట్టారు. "కూర్చో. చూద్దాం."

ఇక్కడ వాళ్ళ పని గురించి కొంచెం చెప్పాలి. ఇంటికో పెద్దదిక్కు ఉన్నట్టు ఆసుపత్రిలో ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో పెద్ద ఖాతా ఉంటుంది. దాని పాస్‌వర్డ్ ఏ మనిషీ పెట్టడు. యంత్రమే ఏదో ఒకటి అల్లుకుని, విభాగంలోని పెద్ద కంప్యూటర్ చెవిలో చెబుతుంది. గడువు తీరగానే తనే మార్చుకుని, మళ్ళీ వచ్చి చెబుతుంది. ఏ యంత్రం లోపల పని పడినా విభాగంవాళ్ళు ఆ పాస్‌వర్డ్ తెరిచి చూడాలి. పని అయ్యాక 'ఇప్పుడే గడువు ముగించు' అనే మీట నొక్కాలి. అప్పుడు చూసిన పాస్‌వర్డ్ చచ్చి కొత్తది పుడుతుంది.

చాలాచోట్ల చూడటం వరకే చేసి, ముగించడం మర్చిపోతారట. పెద్దసారు దగ్గర ఆ పప్పులు ఉడకవు. "చూసిన కన్నే మూయాలి" అనేది ఆయన మాట. "అన్నం తిని చెయ్యి కడుక్కోకుండా లేస్తావా? ఇదీ అంతే." విభాగంలో ఉన్నది ముగ్గురే. ముగ్గురికీ అది చేతి అలవాటైపోయింది. బావైతే ఇంట్లో గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతాడు గానీ, గడువు ముగించకుండా కుర్చీలోంచి లేవడు.

"చూస్తున్నాను" అని పైకి అని పెద్దసారు పేజీ తెరిచారు. అదీ ఆయన పద్ధతే. తెరమీద అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఒక వరస వచ్చింది. దాని కింద గడువు తేదీ. పిచ్చుక ఆ తేదీ చూసి కనుబొమలు ముడిచింది.

"సార్, ఇంకా రాని తేదీ చూపిస్తోందేంటి? సామాను గదిలో నిద్రపోతున్న యంత్రానికి పాత తేదీ ఉండాలి కదా? మేలుకుని మన వైరు తగిలితేనే కదా అది కొత్తది పెట్టుకునేది?"

"ఎవరో దుమ్ము దులుపుతూ వైరు తగిలించుంటారు. దొరికినందుకు సంతోషించు తల్లీ, కోడిగుడ్డుకి ఈకలు పీకకు."

కాపలాదారు మధ్యాహ్నం భోజనం చేసి గానీ పనిలోకి రాడు. వచ్చేదాకా సామాను గది తెరవరు. "నువ్వూ ఏదైనా తిను. తర్వాత అక్కడికెళ్ళి ఫోన్ చెయ్యి, నేను చదువుతాను" అన్నారు పెద్దసారు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోవడం ఆయనకి గిట్టదు. ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి. ఆ పేజీ పొద్దుటినుంచీ అలాగే తెరిచి ఉంచి, భోజనం వేళకి ఆయన దాని ముందే డబ్బా విప్పుకుని కూర్చున్నారు.

పిచ్చుక తినలేదు. మెట్ల మీద కూర్చుని అక్క ఫోనుకి రాసింది, "సామాను గదికి రా. నీకో వస్తువు చూపిస్తా" అని. రాసి, తనలో తనే నవ్వుకుంది. అదే ఆ రోజు ఆఖరి నవ్వు.

సామాను గదిలో కంప్యూటర్ వెలిగించి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"పెద్ద ఆర్" అన్నారు పెద్దసారు. "చిన్న క్యూ. నాలుగు. ఆశ్చర్యార్థకం."

"ఆశ్చర్యం దేనికి సార్?"

"నన్నడిగితే? దానికేదో ఆశ్చర్యమేసింది. కొట్టు."

చివరిదాకా కొట్టింది. తప్పంది యంత్రం. ఇంకోసారి, వేలు పట్టి అక్షరాలు దిద్దించినట్టు చదివారు. మళ్ళీ తప్పే. పిచ్చుక విసుగ్గా కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. వెచ్చగా ఉంది. ఇప్పుడే వెలిగించిన పెట్టె అప్పుడే వెచ్చబడదు.

"సార్, ఆ పేజీ మూసి మళ్ళీ తెరవండి."

ఫోన్‌లో మౌస్ నొక్కిన చప్పుడు. తర్వాత "అరె" అన్నారు పెద్దసారు. "ఇది వేరేదమ్మా. పొద్దున చూసింది కాదు."

కొత్తది చదివారు. ఈసారి తెర తెరుచుకుంది. అక్క పేరున్న ఫైళ్ళ అర కూడా కనబడింది. పిచ్చుకకు ఎగిరి గంతెయ్యాలనిపించాలి. కానీ ఆమె మనసు ఆ మారిన పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయింది. గడువు ఇంకా ఉన్న పాస్‌వర్డ్ దానంతటది మారదు. ఎవరో మార్చమంటేనే మారుతుంది. ఈ మధ్యాహ్నమే ఎవరో దాన్ని చూశారు, ఇక్కడ కూర్చుని యంత్రం తెరిచారు, వెళ్తూ వెళ్తూ గడువు ముగించారు.

"పిచ్చుకా" అన్నారు పెద్దసారు. ఆఫీసులో ఆ పేరుతో ఆయన ఎప్పుడూ పిలవలేదు. "దొంగైతే తలుపు బార్లా తీసి పోతాడమ్మా. గడియ పెట్టి వెళ్ళేవాడు ఇంటివాడే."

"మీరు..."

"నేను కుర్చీలోంచి కదల్లేదు. నువ్వు మెట్ల మీద ఉన్నావు. ఎవరు చూశారో యంత్రమూ చెబుతుంది, కానీ దాన్ని అడగక్కర్లేదు. నేను ఫోన్ పెట్టేస్తున్నాను. ఇది మీ ఇంటి సంగతి."

అప్పుడు కనబడ్డాయి పిచ్చుకకు మిగతావన్నీ. గోడలోంచి వచ్చిన నీలం వైరు పాము చుట్టలా కాకుండా, వెడల్పు చుట్టలుగా, నల్ల గుడ్డపేలికతో కట్టి ఉంది. వైరుకి అలా కట్టు కట్టేది ఒక్కడే. అట్టపెట్టె మీద చెవులకి పెట్టుకునే పాత ఫోన్లు, పిచ్చుక కిందటేడు బావకి కొనిచ్చినవే.

గబగబా అక్క అర తెరిచింది. రోజుకొక చిన్న అర చొప్పున రికార్డు చేసిన వాక్యాలన్నీ వరసగా ఉన్నాయి. చివరి రోజుది తెరిస్తే లోపల ఖాళీ.

చివరి రోజు ఏం చదివించారో డాక్టరమ్మ చెప్పగా తనకు తెలుసు. మిగతా రోజులన్నీ వాక్యాలు. చివరి రోజు పిలుపులు. "మాటలైతే యంత్రం అల్లగలదమ్మా, పిలుపు అల్లలేదు" అన్నాడు గొంతు యంత్రాలాయన. "సొంతవాళ్ళని పిలిచేవి మాత్రం పిలిచినవి పిలిచినట్టే దాస్తాం." అక్క ఆ రోజు అందర్నీ పిలిచిందట. చెల్లెల్ని 'పిచ్చుకా' అని కూడా, వంటింట్లోంచి పెరట్లోకి పిలిచినట్టు, చివర సాగదీసి.

గుమ్మంలో అడుగుల చప్పుడు. అన్ని గదుల తాళాలూ వేలాడే గుత్తి గలగల.

"చెవుల ఫోన్లు మర్చిపోయావు బావా" అంది పిచ్చుక, వెనక్కి తిరక్కుండానే.

గలగల ఆగిపోయింది.

"ఇది ఇనుపకొట్టుకి పోయిందన్నావు."

"అన్నాను."

"నేను ప్రతి గదీ వెతుకుతుంటే పక్కనే నడిచావు. నిచ్చెన కూడా పట్టుకున్నావు కదా! పైఅర చూడు, అక్కడుందేమో అన్నావు!"

"అన్నాను పిచ్చుకా."

"అన్నాను అన్నాను అని ఒప్పేసుకుంటే అయిపోతుందా? చివరి రోజుది ఏమైంది?"

బావ వచ్చి విరిగిన మంచం పట్టె మీద కూర్చున్నాడు. అది కిర్రుమంది. మామూలుగా అయితే "నా బరువు దీనిక్కూడా తెలిసిపోయింది" అనేవాడు. ఇప్పుడు తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ అక్కని ఆపరేషన్ గదిలోంచి తెచ్చిన వారంలోనే ఇది తెరిచాను. కాపీ తీసి ఆయనకి ఇచ్చేద్దామనే. పని చేస్తోందో లేదో ఒకటి విందామనిపించింది. చివరిది పెట్టాను."

"ఊ."

"పిలుపుల మధ్య డాక్టరమ్మ మంచినీళ్ళకి లేచినట్టుంది. రికార్డు ఆపలేదు. మీ అక్క కబుర్లు చెబుతోంది. నీకు తెలుసుగా, ఖాళీగా ఉంటే గోడతో అయినా మాట్లాడుతుంది." బావ గొంతు సవరించుకున్నాడు. "'మా ఆయనకి నా గోల పడదు డాక్టరుగారూ' అంది. 'పొద్దున లేస్తే కాస్త ఆపుతావా, కాస్త ఆపుతావా అనేవారు. పాపం, దేవుడు ఆయన మాట విన్నాడు' అంది."

పిచ్చుక అప్పుడు అతని వైపు తిరిగింది.

"నవ్వుతూ అంది పిచ్చుకా. ఏడుస్తూ అన్నా భరించేవాణ్ణి."

బయట వరండాలో ఎవరో మందుల బండి తోసుకుంటూ పోయారు.

"అందుకని చెరిపేశావా?"

"ఆ ఒక్క మాటే తీసేద్దామనుకున్నాను. డాక్టరమ్మ వింటుంది, ఆ యంత్రాలాయన వింటాడు, నువ్వు వింటావు. వీడా, పెళ్ళాం నోరు పడిపోవాలని కోరుకున్నవాడు, అనుకుంటారు. నాకు వైర్లు తెలుసు గానీ, రికార్డు మధ్యలో ముక్క కొయ్యడం తెలీదు. ఎక్కడ కొయ్యాలో తెలీక మొత్తం తీసేశాను. కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. అప్పుడు గుర్తొచ్చింది, అందులో ఇంకా ఏమున్నాయో. నేను దాన్ని సగమే విన్నాను. నన్ను పిలిచింది కూడా వినలేదు. ఎలా పిలిచిందో నాకు తెలీదు."

"మరి రోజూ ఎందుకొస్తున్నావు?"

"వెతకడానికి. చెరిపినవి బయటికి లాగే పనిముట్లు ఉంటాయి కదా, ఒక్కోరోజు ఒక్కోటి పెట్టి చూస్తున్నాను."

పిచ్చుక నుదురు కొట్టుకుంది. "బావా! ఎవరైనా ఏదైనా చెరిపేస్తే మొదట ఏం చెయ్యాలని చెప్పావు నాకు? యంత్రం ఆపెయ్యి, మళ్ళీ వెలిగించకు, నడిచిన కొద్దీ పాతదాని మీద కొత్తది పడుతుందని నువ్వే కదా నేర్పించావు?"

"నేర్పించాను."

"మరి?"

"ఊరివాళ్ళ వస్తువైతే ఆపే ఉండేవాణ్ణి" అన్నాడు బావ. "ఇంటిది కదా, చెయ్యి ఆగలేదు."

తిట్టాలని పిచ్చుక నోటిదాకా వచ్చిన మాటలన్నీ అక్కడే చితికిపోయాయి. ఈ మనిషి రోజూ భోజనం వేళ ఇక్కడికి వచ్చి, పాస్‌వర్డ్ చూసి, పెళ్ళాం గొంతు ఉన్నచోట చేతులతో తవ్వి, తవ్వినకొద్దీ దాన్ని ఇంకా లోతుకి తోసేసి, ఆపైన బుద్ధిగా గడువు ముగించి వెళ్ళాడు. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానితోపాటు ఏడుపు కూడా వచ్చింది, రెండూ ఒకే గుమ్మంలో ఇరుక్కున్న మనుషుల్లాగా.

"అక్కకి చెప్పావా?"

"ఏమని చెప్పను? ఇంట్లో ఇప్పుడు ఎంత నిశ్శబ్దమో నీకు తెలీదు. గిన్నె పెట్టిన చప్పుడు కూడా వినబడుతుంది. నేనే రేడియో పెడతాను. మీ అక్క కట్టేస్తుంది."

అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

అక్క. మెడ చుట్టూ లేతరంగు రుమాలు, చేతిలో ఎప్పుడూ ఉండే చిన్న తెల్లపలక, దానికి దారంతో కట్టిన పెన్ను. పిచ్చుక పంపిన కబురు చూసి, మెట్లెక్కి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఎంతసేపటినుంచి అక్కడుందో ఎవరికి తెలుసు? చప్పుడు చెయ్యని మనిషి వచ్చింది ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్ చూసింది. తన పేరు చూసింది. కళ్ళు ఇంతింత చేసుకుని చెల్లెల్ని చూసి, 'పెట్టు' అన్నట్టు చెయ్యి ఆడించింది.

పిచ్చుక చెవుల ఫోన్ల వైరు కంప్యూటర్‌లోంచి పీకేసి, మొదటి రోజుది పెట్టింది.

"దయచేసి వరసలో కూర్చోండి" అంది అక్క గొంతు, ఆ దుమ్ము గదిలో, విరిగిన మంచాల మధ్య. "డాక్టరుగారు వచ్చేస్తున్నారు. కిటికీ దగ్గర తోసుకోకండి బాబూ, అందరికీ చీటీలున్నాయి."

అక్క చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆసుపత్రంతా విన్న గొంతును తను ఇప్పుడే మొదటిసారి బయటినుంచి వింటున్నట్టు, తల పక్కకి వంచి వింది. బావ నేల వంక చూస్తున్నాడు. "కంగారు పడకండి, మీ వంతు వస్తుంది" అంటోంది గొంతు. పిచ్చుకకి ఇక భరించడం కష్టమై ఆపేసింది.

అక్క పలక మీద రాసి ఇద్దరికీ కనబడేలా తిప్పింది. 'పిలుపులు పెట్టు.'

పిచ్చుక బావ వంక చూసింది. నేను చెప్పను, నువ్వే చెప్పు అన్నట్టు చూసింది.

బావ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి గానీ లోపలినుంచి ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అదే. చివరికి గొంతున్న మనిషి చెయ్యి చాచి పలక అడిగాడు.

అక్క వింతగా చూసి ఇచ్చింది. బావ రాస్తున్నంతసేపూ పెన్ను కీచుమంటూనే ఉంది. పలక నిండింది. ఇచ్చేశాడు.

అక్క చదివింది. మెల్లగా, ఒక్కో వరసా. ఒకచోట ఆగింది, పిచ్చుక లెక్కన అది దేవుడి మాట దగ్గరే అయ్యుండాలి. ముఖంలో ఏ కోపమూ లేదు. అది చూసే పిచ్చుకకు భయమేసింది. కోపగించుకునే అక్క తనకు తెలుసు. ఈ అక్క తెలీదు.

పిచ్చుక జేబులో ఫోన్ మోగింది. గొంతు యంత్రాలాయన. "అమ్మాయ్, నేను కింద బండి ఎక్కుతున్నాను. తెస్తున్నావా, లేదా?"

"తెస్తున్నానండీ, ఒక్క నిమిషం! పిలుపులు లేవు, కానీ వాక్యాలన్నీ ఉన్నాయి, అవి సరిపోతాయి కదా?"

"సరిపోతాయి. గొంతు వస్తుంది. త్వరగా రా."

"అక్కా, విన్నావా?" పిచ్చుక ఫోన్ పెట్టకుండానే అరిచినంత పని చేసింది. "గొంతు వస్తుందట! మిగతావి చాలట!"

అక్క అరచేత్తో బావ రాసిందంతా తుడిచేసింది. అరచెయ్యి నల్లగా అయ్యింది. తర్వాత పెన్ను తీసుకుని, బావ వైపు చూడకుండా, నింపాదిగా రాసి, పలకను చెల్లెలి వైపు తిప్పింది.

'పిలవలేని గొంతు నాకొద్దు. మిగిలినవి కూడా చెరిపెయ్యి.'

"హలో? హలో?" అంటోంది ఫోన్.

పిచ్చుక చెయ్యి మౌస్ మీదే ఉంది. అక్క తనని ఇన్నేళ్ళలో అడిగినవే తక్కువ. అడిగిన దేన్నీ తను కాదనలేదు.